చెవులు మూసుకున్న ఏజెంట్

“సర్కారు జీతం తింటున్నవ్. శత్రువు నీ ముంగటనే నోరు తెరిచింది. నువ్వేం జేసినవ్? రెండు చేతులతోని చెవులు మూసుకున్నవ్! సిగ్గుండాలె ఎల్లేష్!”

కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ పద్మలత అరుపు కింద టైల్స్ షాపు దాకా వినబడే ఉంటుంది. సుచిత్ర చౌరస్తాలోని ఆ సేఫ్‌ హౌస్‌లో ఏజెంట్ ఎల్లేష్ తల వంచుకుని నిలబడ్డాడు.

టేబుల్ మీద స్పీకర్ గరగరలాడుతోంది. ఆడియో అంతా అదే గరగర. ఎల్లేష్ కళ్లజోడు కాడలో దాచిన మైకు మీద అతని అరచేయే పడింది.

శామీర్‌పేట చెరువు దగ్గరి ఓ హోటల్లో ప్రతి ఆదివారం పుస్తకాల పిచ్చోళ్లు కూడుతారు. ఫాంటసీలు, చారిత్రక నవలలు. నువ్వొకటి చెప్పు, నేనొకటి చెప్తా. అక్కడొక కట్టుబాటు. చెప్పేవాళ్లు “ఇగ ముగింపు” అనగానే ఆ పుస్తకం చదవనివాళ్లు చెవులు మూసుకోవాలి. చదివినవాళ్లే వినాలి.

ఆ గుంపును నడిపేది ఇషిత. జరీ అంచు చీర, చేతిలో లావుపాటి నవల, అడక్కుండానే ఎదుటివాడి చేత అన్నీ చెప్పించే నవ్వు. డిఫెన్స్ ఇంజినీర్ల కోసం విదేశీ ముఠా అక్కడ వల వేస్తోందని డిపార్ట్‌మెంట్‌కు చెప్పింది ఆమే. నమ్మకమైన ఇన్‌ఫార్మర్. ఆమె మాట మీదే ఎల్లేష్ ఫర్నిచర్ సేల్స్‌మన్ వేషంలో ఆ గుంపులో చేరాడు.

మొన్న ఆదివారం ఇషిత ‘బూడిద కోట దిక్సూచి’ అనే ఫాంటసీని ఆకాశానికెత్తింది. “ఇగ ముగింపు” అంది. కొత్తగా వచ్చిన టోపీవాడొకడు చదివానన్నాడు. ఎల్లేష్ చదవలేదు. నిజాయితీగా చెవులు మూసుకున్నాడు. డ్యూటీలో ఉన్న సంగతే మరిచాడు.

ఈ ఉదయం ముఠా మాట ఒకటి ఫోన్ ట్యాప్‌లో దొరికింది. “మనిషిని ఇవాళే ఎత్తాలి. ఇషిత చెప్పిన ముగింపు ప్రకారమే.”

డబుల్ ఏజెంట్! ఎత్తేది ఎవరిని? ఎక్కడ? తెలియదు. ఇషిత ఫోన్ స్విచాఫ్.

“గా పుస్తకం తెప్పించు” అంది పద్మలత.

“గట్లాంటి పుస్తకమే లేదు మేడమ్. అచ్చేసినోడు లేడు, రాసినోడు లేడు.” ఎల్లేష్ తలెత్తాడు. “కానీ ఇంకొకాయన గూడ చెవులు మూసుకోలే. మేడ్చల్ బాలనర్సయ్య కాక. ప్లాట్ల వెంచర్లు వేస్తడు. ఏ పుస్తకం పేరు జెప్పినా చదివిన అంటడు.”

“మరి ఇంకా ఈడ నిలబడ్డవేంది?”

మేడ్చల్‌లో బాలనర్సయ్య ఇంటి హాల్లో అద్దాల బీరువా నిండా పుస్తకాలు. సోఫాలో ఆయన, పక్కన భార్య దుర్గాబాయి.

“కాకా, బూడిద కోట ముగింపు ఏంది?”

“ముగింపు చెప్పొద్దని రూల్ ఉంది గద!” బాలనర్సయ్య మీసం సవరించాడు. “యుద్ధం మాత్రం మస్తు రాసిండు. రెండుసార్లు చదివిన.”

“గా పుస్తకం లేదు కాకా.”

“నేను చదివిన పుస్తకం లేదంటవా? ఎవరితోని మాట్లాడుతున్నవ్?”

దుర్గాబాయి నవ్వాపుకోలేకపోయింది. “ఈయన పేపర్ల హెడ్డింగులే సదువుతడు బిడ్డా. గా బీరువల పుస్తకాలకు ప్లాస్టిక్ కవర్ గూడ తీయలే.”

బాలనర్సయ్య ముఖం నల్లబడింది. సర్పంచ్ ఎన్నికల్లో ఓడిన రోజు కూడా ఆయన అంత చిన్నబోలేదు.

ఎల్లేష్ ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు. ఐడీ కార్డు చూపించాడు. “వినుడు నా నౌకరీ. నేను వినలే. చదవకుండ చదివిన అని మీరన్నరు. మనిద్దరం తర్వాత సిగ్గుపడుదాం కాకా. ఇయ్యాల ఒక మనిషిని ఎత్తుకపోతున్నరు. మీరేం విన్నరో చెప్పుండ్రి.”

బాలనర్సయ్య గోడకేసి చూస్తూ గొణిగాడు. “దిక్సూచులు జేసే పిల్ల ఉంటదట. మూడో నగారా మోగంగనే పడమటి దర్వాజకు తెల్ల రథం వస్తది. మీ అవ్వ పడిపోయిందని జెప్పి ఎక్కిస్తరు. ఇగ గా పిల్ల ఎవరికీ కనబడది.”

ఎల్లేష్ దిగ్గున లేచాడు. సృజన! దూలపల్లిలోని మిసైల్ విడిభాగాల యూనిట్లో దిక్కు చూపే జైరోస్కోప్‌లు చేసే ఇంజినీర్. అవ్వ బుచ్చవ్వే పెంచిన మనవరాలు. మొన్న ఆదివారం డ్యూటీ ఉండి మీటింగుకు రాలేదు. ఇంజినీర్ ఉంటేనే ముఠా బయటపడుతుందన్న ఇషిత మాట నమ్మి, సృజనకు నవలలిచ్చి, బతిమాలి ఆ గుంపులో చేర్చింది ఎవరు? తనే.

మూడో సైరన్ అంటే షిఫ్ట్ దిగే వేళ. యూనిట్ లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. ల్యాండ్‌లైన్ ఎంగేజ్. పద్మలత పంపిన జీపులు కొంపల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. ఎల్లేష్ బైకు గుండ్లపోచంపల్లి మీదుగా దూసుకుపోయింది.

దూలపల్లి చేరేసరికి సైరన్ మోగుతోంది. పడమటి గేటు ముందు తెల్ల అంబులెన్స్. మాస్కు పెట్టుకున్న నర్సు సృజన చెయ్యి పట్టుకుంది.

“జల్దీ ఎక్కమ్మా! మీ అవ్వకు సీరియస్!”

సృజన ఒక కాలు లోపల పెట్టింది.

“దిగు సృజనా!” ఎల్లేష్ బైకును అంబులెన్స్ ముందు పడేసి దూకాడు. నర్సు చేతిలో సిరంజి తళుక్కుమంది. అతను మణికట్టు ఒడిసి పట్టాడు. సూది సృజన మెడకు జానెడు దూరంలో ఆగిపోయింది. డ్రైవర్ సీట్లోంచి దూకిన టోపీవాడి మీద గేటు సెక్యూరిటీ పడ్డారు. నర్సు మాస్కు జారింది. ఇషిత.

“ముసలాయన చెప్పిండా?” ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. “చదవలేదని ఒప్పుకునే బదులు చస్తడనుకున్న.”

“మరి నా సంగతి?”

“నువ్వా? నీ భరోసాతోనే గద ప్లాన్ వేసిన! నీ అంత నిజాయితీగల రీడర్ ఇంకెవరున్నరు?”

ఇంత మెచ్చుకోలు అతనికి జీవితంలో దక్కలేదు. చెంపదెబ్బ నయం.

జీపులొచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుపోయాయి. గేటు దగ్గర అప్పుడే వెనక్కిచ్చిన ఫోన్లో సృజన ఇంటికి మాట్లాడింది. బుచ్చవ్వ టీవీ చూస్తోందట. ఎల్లేష్ జరిగిందంతా చెప్పి చేతులు జోడించాడు.

“నిన్ను గా గుంపుల చేర్చిన పాపం నాదే.”

సృజన ఫోన్లో ఏదో వెతికింది. తర్వాత తెర అతనివైపు తిప్పింది. పుస్తకాల గ్రూపు. లేని నవలకు పదకొండు మంది ఐదేసి నక్షత్రాలిచ్చారు. ‘చివర్ల ఏడుపాగలే’ అని ఒకరు. ‘క్లాసిక్’ అని ఇంకొకరు. అన్నిటికంటే పైన సృజన పేరు.

“నలుగురు మెచ్చుకున్నరని నేను గూడ ఇచ్చిన” అంది తలెత్తకుండా. వేలితో నొక్కింది. ఆమె పేరు మాయమైంది.

“దండాలు బందుపెట్టుండ్రి సార్. నాది తీసేసిన. ఇగ మిగిలిన పదిమంది ఇండ్లకు నడువుండ్రి. మాపటిలోగ ఒక్క స్టార్ మిగలొద్దు.”