నల్ల శిలువ కింద

"ఈ మధ్యాహ్నం ఒక బాంబర్ విమానం వస్తోంది. దాన్ని నమ్మొచ్చో లేదో నువ్వు తేల్చాలి," అన్నాడు మేజర్ హోల్‌ట్సాఫెల్, టర్నిప్ కాఫీ పక్కకు తోస్తూ. "మనదే ఒక విమానం శత్రువులకు దొరికింది. దాన్నే మన మీదికి పంపుతారని కబురు."

"మన గుర్తులతోనా?"

"ఆఁ. అన్నట్టు నీ వేషం కుదిరింది. అచ్చం మన పెయింటర్లలాగే బద్ధకంగా ఉన్నావు. వాళ్ళ మీద నిన్ననే పైకి ఫిర్యాదు రాశాను."

ఏజెంట్ ఏమిల్ రాట్‌గెన్స్ నవ్వలేదు. 1918 ఏప్రిల్. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున ఆ షెడ్డులో నాలుగు ఇంజన్ల కొత్త బాంబర్ తయారవుతోంది. దాని రెక్కలకు గుడ్డ కుడుతున్న అరవైమందిలో అతని అక్క హెడ్విగ్ ఉంది.

నాలుగింటికి పది నిమిషాలుండగా బాంబర్ దిగింది. అనుమతి పత్రంతో ఎదురెళ్ళింది కౌంటెస్ మెలిట్టా. ఆర్నెల్లుగా మేజరుకు రహస్యాలు మోసుకొస్తున్న అందగత్తె. ఏమిల్ ఆమెను ఏనాడూ నమ్మలేదు.

"వానొచ్చేలా ఉంది. దీన్ని షెడ్డులోకి తోయించండి," అంది. గడియారం చూసుకుంది. "నా కారు పిలవండి." మళ్ళీ చూసుకుంది.

ఏమిల్ బ్రష్ తుడుచుకుంటూ పైలట్ దగ్గరికి వెళ్ళాడు. "పాత బండేనా సార్?"

"పోయిన శరదృతువు నుంచి ఎగురుతోంది. నీ పని చూసుకో."

విమానం పక్కభాగం మీద జర్మన్ గుర్తైన నల్ల శిలువ అంచులు నూలు పట్టి గీసినట్టున్నాయి. పోయిన శరదృతువులో శిలువ చేతులు వంపు తిరిగి ఉండేవి. నెల కిందటే తిన్నగా మార్చమని ఉత్తర్వు వచ్చింది. మనవాళ్ళు పాతది గోకితే కదా. వంపుల మీద కాస్త రంగు కొట్టి చేతులు దులుపుకున్నారు. అందుకే ప్రతి పాత విమానం మీదా పాత శిలువ దయ్యంలా తొంగిచూస్తుంది. దీని మీద ఆ జాడే లేదు.

టర్పెంటైన్ గుడ్డతో రుద్దాడు. నలుపు కింద నీలం వలయం బయటపడింది. అది శత్రువు గుర్తు.

"తోయకండి," అని అరిచాడు ఏమిల్. కౌంటెస్ పిస్తోలు తీసింది. ఏమిల్ విసిరిన రంగు డబ్బా ఆమె మొహాన పడింది. కాపలావాళ్ళు ఆమెనూ పైలట్‌నూ పట్టుకునేలోగా ఏమిల్ విమానమంతా గాలించాడు. వెనక సీటు కింద బాంబు టిక్కుటిక్కుమంటోంది. రంగు గీకే కత్తితో తీగ తెంపాడు. పేలడానికి ఇంకా మూడు సెకన్లున్నాయి.

షెడ్డులో కుట్టుమిషన్ల చప్పుడు ఆగలేదు. అక్క బతికింది. ఏమిల్‌కు కళ్ళు చెమర్చాయి.

మేజర్ చెమట తుడుచుకున్నాడు. "వాళ్ళ పెయింటర్‌ది ఎంత శుభ్రమైన పనయ్యా."

"అవును సార్. మీరు మాత్రం మన పెయింటర్ల మీది ఆ ఫిర్యాదు వెనక్కి తెప్పించుకోండి."