మేస్త్రీ గారి నునుపు

ఆ ఉదయం టీ కప్పు పెట్టడానికి చోటు చేస్తూ తల్లి కూతురి కాగితాలు పక్కకి జరిపింది. పై కాగితంలో "వర్క్‌షాప్ మేస్త్రీ నిర్లక్ష్యం వల్ల" అన్న మాట కంటబడింది. ఆ మేస్త్రీ ఎవరో కాదు, ఎదురుగా కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్న ఆవిడ భర్తే.

కూతురి పరిశోధన విమానం ఇంజన్లలో తిరిగే టర్బైన్ బ్లేడ్ల మీద. నిప్పులు చెరిగే గాలిలో తిరిగే బ్లేడు కరిగిపోకుండా, దానికి సన్నటి కన్నాలు పెట్టి లోపలినుంచి చల్లగాలి వదులుతారు. ఆ గాలి పలచటి పొరలా బ్లేడును అంటిపెట్టుకుని పారాలి. ఈ అమ్మాయి బ్లేడు అందరి బ్లేడ్లకంటే చల్లగా ఉందని మూడేళ్లు ఒకటే మెచ్చుకోళ్లు. తీరా అదే డ్రాయింగుతో ఇంకో ల్యాబువాళ్లు చేయించుకుంటే చల్లబడలేదు. ఇంకేముంది, దొంగ లెక్కలు చూపించిందన్నారు. ఈ సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే డిగ్రీ లేదన్నారు. నిన్న బ్లేడును కోసి చూస్తే అసలు సంగతి బయటపడింది. డ్రాయింగులో పదునుగా ఉండాల్సిన కన్నాల లోపలి అంచుల్ని, యూనివర్సిటీ వర్క్‌షాపులో ఆ బ్లేడు చేసిన మేస్త్రీ గుండ్రంగా, నునుపుగా చేసిపెట్టాడు.

తల్లి ఆ సంజాయిషీ కాగితాన్ని భర్తకి చదివి వినిపించింది. రెండు నెలల్లో రిటైరయ్యే మనిషికి కన్నకూతురు చేసే సన్మానం ఇదా అని నిలదీసింది.

"నా మూడేళ్లు బూడిదలో పోశాడమ్మా," అంది కూతురు. "గీసింది గీసినట్టు చెయ్యమంటే ఈయనకెందుకు సొంత తెలివి?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. రెండో బూటు తాడు కూడా కట్టుకుని అప్పుడు నోరు విప్పాడు.

"చెబుదామనే నీ ల్యాబుకి వచ్చానమ్మా. పదును అంచు తగిలితే గాలి చెదిరిపోతుంది, కాస్త నునుపు చేశాను, నీ కాగితంలో మార్చుకో అని. నీ చుట్టూ పెద్దవాళ్లున్నారు. 'తర్వాత రండి మేస్త్రీ గారూ' అన్నావు. రెండోసారి వచ్చినా అదే మాట. ఇంట్లో చెప్పబోతే, ల్యాబు గొడవలు ఇక్కడొద్దన్నావు."

కూతురికి తల కొట్టేసినట్టయింది. నిజమే, అంది. తండ్రి అక్కడే పనివాడని తెలిస్తే నలుగురిలో చులకనైపోతానని, ల్యాబులో చేరిన మొదటిరోజునుంచే ఆయన్ని మేస్త్రీ గారూ అని పిలిచింది. ఆయన సరేనని ఊరుకున్నాడు. ఒక్కసారి "చెప్పు నాన్నా" అని ఉంటే ఆ నునుపు డ్రాయింగులోకి ఎక్కేది, ఈ అప్రదిష్ట ఉండేది కాదు. పైగా ఇన్నాళ్లూ తను చప్పట్లు కొట్టించుకున్న ఆ చల్లదనం ఆయన చేతిది.

కాగితం చింపేసి ఇంకోటి తీసుకుంది. "ఈ ఫలితానికి కారణం కన్నాల అంచులు. వాటిని నునుపు చేసింది" అని రాసి, ఆ తర్వాత ఎవరని రాయాలో తేలక ఆగిపోయింది.

"మేస్త్రీ అని రాయి," అన్నాడు తండ్రి లేస్తూ. "అక్కడ నా పేరు అదేగా."

ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఆయన గడప దాటాక ఆమె బల్లమీద తల పెట్టి ఏడ్చింది. తల్లి దగ్గరికి రాలేదు.

గంట తర్వాత ఆ కాగితం పట్టుకుని, తన ప్రొఫెసర్‌ని వెంటబెట్టుకుని వర్క్‌షాపు గుమ్మంలో నిలబడింది. "నాన్నా" అని గట్టిగా పిలిచింది. మిషన్ల దగ్గరున్న వాళ్లంతా తలలెత్తారు.

ఆయన ఒక్కడే ఎత్తలేదు. అక్కడ ఆ పిలుపు తనకి కాదనుకున్నాడు.