దుర్గాంబ ముక్కు

కలకత్తా పక్కనున్న టికియాపారా బస్తీలో ఆ పొద్దున దాలమ్మ కుళాయి దగ్గర ఎవరితోనూ గొడవ పడలేదు. కూతురు దుర్గాంబకు ఈవేళ ముక్కు కుట్టించే వేడుక. పెళ్లికి ముందు అత్తగారే కంసాలిని వెంటబెట్టుకొచ్చి పదిమందిలో కోడలి ముక్కు కుట్టించడం మగపెళ్లివారి ఆచారం.

చిక్కంతా అక్కడే వచ్చిపడింది. చిన్నప్పుడు బోరింగు పంపు పిడి ఎగిరి తగిలి దుర్గాంబ ముక్కు దూలం అణిగిపోయింది. కిందటేడు కలకత్తా పెద్దాసుపత్రిలో లోపల సిలికాన్ ముక్క పెట్టి నిలబెట్టారు. ముక్కు కుట్టించొద్దని, చీము పడితే పెట్టింది తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు మరీమరీ చెప్పాడు. రబ్బరు ముక్కు పిల్ల అంటారన్న భయంతో ఆ సంగతి బడ్జ్ బడ్జ్‌లో ఉండే వియ్యాలవారి చెవిన పడకుండా దాలమ్మ కాపు కాస్తూ వచ్చింది.

"ఇప్పుడైనా సెప్పీయమ్మా," అంది దుర్గాంబ జడ వేయించుకుంటూ.

"నోరు మూసుకో. ఓ సూది పోటుకి ఏటవుద్ది? నా పరువు తీయకు."

వియ్యపురాలు సన్యాసమ్మ కంసాలితో దిగింది. వాకిలి నిండా జనం. కంసాలి సూది మొన దీపానికి చూపించి దగ్గరికి జరిగాడు. దుర్గాంబ తల్లి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. ముఖం మాత్రం పక్కకి తిప్పలేదు. ఇదంతా తన పరువు కోసమే భరిస్తోందని తెలిసి దాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆగు దాదా! కుట్టకు!" అంటూ కంసాలి సూదికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటయింది ఒదినా?" అంది సన్యాసమ్మ.

"దాని ముక్కులో ఆపరేషను సేసి సిలికాన్ ముక్క పెట్టినారు. కుట్టకూడదు. నానే దాసినాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. సన్యాసమ్మ ముఖం ఎర్రబడింది.

"లోపల ఏటుంటే నాకేటి? అది సీము పడితే పిల్ల గతేటి? కన్నతల్లివి, సూస్తా ఎలా కూకున్నావు?" కంసాలి వైపు తిరిగి, "నువ్వెల్లు దాదా. మా ఆచారం నాను సూసుకుంటాను," అంది.

జనం వెళ్లాక దాలమ్మ కూతురి ముందు కూలబడింది. "నిన్ను సూసి నలుగురూ నవ్వుతారనుకున్నానే తల్లీ."

"ఆపరేషనయ్యాక అద్దంలో సూసుకుని ఎంత మురిసిపోనానో! ఎవరికీ సెప్పకన్నావు. ఆ రోజు నుంచే మళ్లీ సిగ్గేస్తందమ్మా."

కట్టు విప్పినప్పటి నుంచి ఆ ముఖాన్ని దాలమ్మ ఒక్కసారైనా తేరిపార చూడలేదు. రెండు చేతులతో కూతురి చెంపలు పట్టుకుని కన్నీళ్లలోంచే చూసింది.

"బాగుందే... నీ ముక్కు సానా బాగుంది," అంటూ భోరుమంది.