బ్యాగు ఇంకా రెడీ కాలేదు

"దీన్ని నా సైజుకి తగ్గించాలి," అంటూ ఆ అమ్మాయి బల్ల మీద ధబ్బున పడేసిన వస్తువును చూసి టైలరు ఓ అడుగు వెనక్కి వేశాడు. అది వీపుకి తగిలించుకునే బ్యాగే. కాకపోతే అందులో ఆ అమ్మాయిని కూడా పెట్టి జిప్పు వేసేయొచ్చు.

"ఇది ఎవరిదండీ?"

"నాదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను."

"అంతకు ముందు ఎవరిదని అడుగుతున్నా. పాపం ఆయన ప్రతి గుమ్మానికీ తల కొట్టుకునేవాడేమో."

"మీరు కుడతారా, జోకులేస్తారా?"

"రెండూనండీ. జోకులు ఫ్రీ."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది, అంతే. వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించేది ఈ అమ్మాయేనని టైలరుకి తెలుసు. అమ్మకి కళ్ళజోడు చేయించడానికి వెళ్ళినప్పుడు చూశాడు. తన కళ్ళు నిక్షేపంలా ఉన్నా, ఓసారి చూపించుకుంటే తప్పేముందని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"కొండలకి. ట్రెకింగ్ క్లబ్బు వాళ్ళు కొత్తవాళ్ళని తీసుకెళ్తున్నారు. వచ్చే నెల మొదటి శనివారం పొద్దున్నే బస్టాండు నుంచి బస్సు. టెంటులో పడుకోవడం, వాగులు దాటడం, ఎవరి సామాను వాళ్ళే మోసుకోవడం!" చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. అంతలోనే గొంతు తగ్గింది. "ఇదే ఫస్ట్ టైమ్. ఇంట్లో ఒక్కరూ నమ్మట్లేదు. నన్ను సోఫా అంటారు."

"సోఫానా?"

"ఎక్కడ వేస్తే అక్కడే ఉంటానట. మా నాన్నయితే, 'నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతావు, నీకెందుకమ్మా కొండలు' అంటారు. రోజంతా అందర్నీ దూరంగా చూడండి, ఇంకా దూరంగా చూడండి అంటుంటాను. నేను చూసేది మాత్రం ఎదురు గోడ. ఈసారి వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళను. నా సంగతి నాకు తెలుసు."

టైలరుకి ఇంకో జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

బ్యాగు నిండుగా ఉంది. కొలతకి పనికొస్తుందని సామాను సర్దుకునే తెచ్చిందట. అతను ఒక్కొక్కటీ బయటికి తీశాడు. లావుపాటి తువ్వాళ్ళు, షాంపూ పెద్ద సీసా, అద్దం, అడుగున ఇస్త్రీ పెట్టె.

"ఇది ఎందుకండీ?"

"బట్టలు నలిగిపోతే? ఫొటోలు తీసుకోనా?"

"అదీ నిజమే. మరి ప్లగ్గు ఎక్కడ పెడతారు?"

ఆమె ఇస్త్రీ పెట్టెను మెల్లిగా తన చేతిసంచిలోకి జార్చేసింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పారంటే ఊరుకోను."

వీపు కొలత అమ్మ తీసింది. అమ్మ అదే దుకాణంలో కూర్చుని కాజాలు కుడుతుంది. ఆవిడ టేపు పట్టి అంకెలు చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు. రాసుకున్న వాటిలో ఒకటి తప్పు. అమ్మ కళ్ళజోడు పైకి తోసి కొడుకు వంక ఓ చూపు చూసి, మళ్ళీ కాజాల్లో పడింది.

ఆ దుకాణానికి నాన్న కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఏది కుట్టినా, కుట్టించుకున్న మనిషి దాన్ని అక్కడే వేసుకుని నడిచి చూపించాలి. నర్సు కోటైనా, వంటవాడి ఏప్రనైనా అంతే. నడకలో ఎక్కడా పట్టెయ్యదని తేలాకే గడప దాటనిస్తారు. బ్యాగుకీ అదే పద్ధతి అన్నాడు టైలరు. కాకపోతే కొండ బ్యాగుకి దుకాణంలో నడక సరిపోదు కాబట్టి ఆ భవనం మెట్లెక్కాలి. బరువు కోసం బ్యాగులో కోటు గుడ్డ తానులు కుక్కాడు.

మొదటి రోజు ఆమె రెండో అంతస్తులో మెట్ల మీద చతికిలపడింది.

"నాన్న చెప్పింది నిజమే," అంది ఎగశ్వాసతో.

"మీ నాన్నగారు గుడ్డ తానులు మోస్తూ చెప్పలేదు కదండీ. నీళ్ళు తాగండి," అంటూ అతను పక్కన కూర్చున్నాడు.

అలా రోజూ సాయంత్రం ఆమె షాపు మూసి రావడం, ఇద్దరూ మెట్లెక్కడం మొదలైంది. కొండల గురించి అతనికి తెలిసింది కూడా సున్నా. ఫోనులో వీడియోలు చూసి ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. బరువు భుజాల మీద కాదు, నడుము బెల్టు మీద ఆనాలని తెలిసింది. అతను బెల్టు ఊడదీసి స్పాంజి పెట్టి కొత్తగా కుట్టాడు. కొత్త బూట్లు కొండ మీద మొదటిసారి తొడిగితే కాళ్ళు బొబ్బలెక్కుతాయని తెలిసింది. ఆమె షాపులో కూడా అవే బూట్లు వేసుకుని టకటకా తిరగసాగింది.

"ఈవిడ చూడండి, బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి విరిచేసింది," అంది ఒకరోజు ఫోను చూస్తూ.

"ఇంకాసేపు వదిలేస్తే పళ్ళు కూడా ఇంట్లో పెట్టి వెళ్తుందండీ."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూ అతని భుజం మీద చెయ్యి వేసి, చూసుకుని, తీసేసింది. ఆ రాత్రి టైలరు ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాడు.

ఒక సాయంత్రం ఆమె ఎక్కడా ఆగకుండా మేడ మీదికి చేరింది. సన్నగా వాన పడుతోంది. బ్యాగుతోనే గిర్రున తిరిగి, చేతులు చాచి, "చూశారా! చూశారా!" అని అరిచింది. వెనకాల వట్టి చేతులతో వచ్చిన టైలరు గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. తడిసిన జుట్టు మొహాన పడుతున్నా ఆమె దూరంగా మబ్బుల వంకే చూస్తోంది. అతను మాత్రం ఆమెను చూస్తున్నాడు. ఇంత ఇష్టం ఎప్పుడు పుట్టిందో అతనికే తెలియలేదు.

పట్టీలు కదల్లేదు. బెల్టు అతికినట్టుంది. బ్యాగు ఇచ్చి పంపెయ్యాలి.

"ఎడమ పట్టీ కాస్త జారుతోందండీ," అనేశాడు. "ఇంకా రెడీ కాలేదు. రేపు రండి."

ఆమె వెళ్ళాక, శుభ్రంగా ఉన్న కుట్టు విప్పి మళ్ళీ కుట్టాడు. మర్నాడు కుడి పట్టీ అన్నాడు. ఆ తరవాత మళ్ళీ ఎడమ. అమ్మ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి, "నీకు కుట్టు తప్పడం నేనెన్నడూ చూళ్ళేదు. ఈ బ్యాగుకి ఏం దెయ్యం పట్టిందిరా?" అని అడిగింది. కొడుకు దారం తెగిపోయినట్టు నటించాడు.

ప్రయాణానికి ముందురోజు అతను బకిల్ కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఆమె దుకాణంలో నిలబడి ఉంది. బ్యాగు ఆమె చేతిలో ఉంది. అమ్మ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మగారిని అడిగాను, ఇవాళైనా అయిపోతుందా అని," అంది ఆమె. "ఎప్పుడో అయిపోయింది తల్లీ, వాడే విప్పుతున్నాడు, వాడే కుడుతున్నాడు అన్నారు. నిజమేనా?"

"నిజమే, కానీ..."

"పట్టీలు నిలవట్లేదంటే నా భుజాలే సరిగ్గా లేవేమో అనుకున్నాను. నావల్ల కాదు, మానేస్తానని నిన్న నాన్నకి చెప్పేశాను కూడా. తెలుసా మీకు?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న మొహం మీదే వద్దన్నారు. మీరు సూదితో అన్నారు. అంతేగా తేడా."

టైలరు గడప దగ్గరికి వచ్చేసరికి ఆమె బ్యాగుతో సహా వీధి మలుపు తిరిగిపోయింది.

"నేను వద్దనుకుని విప్పలేదమ్మా," అన్నాడు చివరికి.

"ఆ సంగతి నాకు తెలుసు. తెలియాల్సింది నాకా?" అంది అమ్మ. "పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పు. నీ మూలంగా ఆ పిల్ల కొండెక్కకపోతే నీతో మాట్లాడను."

పొద్దున్న వాన దంచుతోంది. టైలరు తడిసి ముద్దయి బస్టాండుకి చేరేసరికి క్లబ్బు బస్సు ఇంజను మోగుతోంది. అందరూ ఎక్కేశారు. ఆమె మాత్రం బెంచీ మీద కూర్చుని ఉంది. బ్యాగు కాళ్ళ దగ్గరుంది. పక్కన గొడుగు పట్టుకున్న పెద్దాయనెవరో బస్సు కోసం చూస్తున్నట్టున్నాడు. ఆయన కోటు చేతులు రెండూ పొట్టి అని టైలరు కన్ను అంత కంగారులోనూ గమనించింది.

"ఎక్కలేదేంటండీ?"

"మీకెందుకు? ఇంటి నుంచి బయల్దేరాను, ఇక్కడిదాకా వచ్చాను, కాలు కదలట్లేదు. సోఫాని కదా."

"ఒక్క నిమిషం వినండి. తరవాత ఎంతైనా తిట్టండి." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "మీరు వానలో మేడ దాకా ఎక్కిన రోజే బ్యాగు అయిపోయింది. ఆ రోజు ఆయాసం నాకొచ్చింది, మీకు రాలేదు. మీ భుజాలకి ఏ లోపమూ లేదు."

"మరెందుకు విప్పారు?"

"ఇచ్చేస్తే మీరు మళ్ళీ రారు కదా. అందుకు."

ఆమె తలెత్తింది.

"నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. అది చెప్పే ధైర్యం లేక మీ ధైర్యం విప్పుతూ కూర్చున్నాను. వెధవపని చేశాను. నా మీద కోపంతోనైనా సరే, బస్సెక్కండి. మళ్ళీ నా మొహం చూడకపోయినా పర్లేదు. అంటే... పర్లేదన్నది అబద్ధం. అయినా ఎక్కండి."

పెద్దాయన గొడుగు పక్కకి తిప్పాడు. "ఎంత బరువుతో ఎక్కిందేమిటి?"

"నిండా కోటు గుడ్డ తానులండీ. మీరూ నేనూ అయితే మధ్యలోనే కూలబడతాం."

"ఎక్కడా ఆగకుండానే?"

"మొదట్లో ఆగారు. తరవాత ఆగలేదు."

ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నమ్ముతారా నాన్నా?"

నాన్నా అన్న మాట చెవిన పడగానే టైలరు చుట్టూ చూశాడు. ఏదో ఒక బస్సెక్కి ఎక్కడికైనా పోదామంటే మిగతావన్నీ డ్రైవరు లేకుండా ఖాళీగా ఉన్నాయి.

తండ్రి గొడుగు మడిచి, వానలోనే వంగి బ్యాగు రెండు చేతులా ఎత్తాడు. "అబ్బో!" అన్నాడు. తనే కూతురి భుజాలకి తగిలించాడు. "నీవల్ల కాదని కాదు తల్లీ. నువ్వు కనపడకపోతే నాకు ఇంట్లో తోచదు. అది చెప్పడం చేతకాక నీ ఆయాసం మీద పెట్టాను."

ఆమె ఒకసారి తండ్రినీ, ఒకసారి టైలరునీ చూసింది.

"ఇద్దరికిద్దరూ సరిపోయారు!" అంది. అని, ఏడుస్తూనే నవ్వేసింది. నడుము బెల్టు బిగించుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

బస్సు కదిలాక కిటికీ తెరుచుకుంది. "టైలర్ గారూ! నాకింకా కోపం పోలేదు. కొండ దిగేలోపు పోతే సోమవారం దుకాణానికొస్తాను!"

"పోకపోతే?" అని పరిగెడుతూ అరిచాడతను.

"అప్పుడూ వస్తాను! తిట్టొద్దూ?"

బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరు మగవాళ్ళూ వానలో చేతులూపుతూనే ఉన్నారు. తరవాత ఎవరి చెయ్యి వాళ్ళు దించుకున్నారు. తండ్రి గొడుగు విప్పి, సగం ఇతని మీదికి జరిపాడు.

"పద, వేడిగా టీ తాగుదాం," అన్నాడు. నాలుగడుగులు వేశాక గొంతు సవరించుకున్నాడు. "అవునూ, మీ ఇంట్లో మాట్లాడాలంటే పెద్దవాళ్ళు ఎవరున్నారు?"

"అమ్మ ఉందండీ," అన్నాడు టైలరు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా నవ్వు మాత్రం ఆగట్లేదు.