బొమ్మ వచ్చింది, మాట రాలేదు

హలో, నమస్తే అండీ! అందరూ బాగున్నారా? చాయ్ తాగుతూనే వినండి, లేవాల్సిన పనిలేదు. ఇవాళ కాగజ్‌నగర్‌లో ఉండే అహరోను ఇంటి ముచ్చట చెబుతాను.

అహరోను మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో సంఘపెద్ద. ఎవరు పలకరించినా ఈ రెండు మాటలూ ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు. ఇంట్లో భార్య మహిమమ్మ, కొడుకు జోయల్, కోడలు ప్రిస్కిల్లా. కోడలి తల్లి మగ్దలేనమ్మ అడివి దాపున ఉన్న జైనూర్‌లో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాక హాస్టల్లో వంట చేసి కూతురికి నర్సు చదువు చెప్పించింది. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి బిందెడు నీళ్ళు కూడా మోయలేకపోతోంది.

ఒక ఆదివారం పొద్దున్నే ప్రిస్కిల్లా మామకు చాయ్ ఇస్తూ తన అవ్వ, అంటే తల్లి, సంగతి ఎత్తింది.

"మామా, బిడ్డ ఇంట్ల ఎట్లుంటనని అవ్వ ఒక్కతీరుగ అంటుంది. నేను పిలిస్తె వస్తలేదు. మీరు పెద్దమనిషి, ఒక్కసారి మీ నోటితోని రమ్మనుండ్రి."

"అంటతియ్యి బిడ్డా. గంత ఫికర్ ఏంది?"

ఫోన్లో అయితే ఒక్క మొహమే కనబడుతుంది, ఇంటిల్లిపాదీ కనబడితే అత్తమ్మకు ధైర్యంగా ఉంటుందని జోయల్ అనుకున్నాడు. మానిటర్ పాడై మూలనపడ్డ పాత కంప్యూటర్‌ను బయటికి తీశాడు. టీవీ కూడా పాతదే. రెండింటినీ కలపడానికి నీలం మూతి ఉన్న వీజీఏ వైరు ఒకటి ఉంది. "నేను పెడ్త" అని అహరోను దాన్ని తీసుకుని గట్టిగా నొక్కాడు.

"బాపు! ఉల్టా పెడ్తున్నవ్. పిన్నులు వంగుతయ్."

"ముప్పై ఏండ్లు ఆఫీసు నడిపిన, నాకు చెప్తవారా?"

"ఆఫీసు నడిపినవు గని, గిది నడుస్తలేదు గద" అని మహిమమ్మ నవ్వింది.

తిప్పి పెడితే బొమ్మ వచ్చింది కానీ అంతా పసుపు పూసినట్టుంది. జోయల్ రెండు పక్కలా స్క్రూలు బిగించాక రంగులు తేటపడ్డాయి. కెమెరాను టీవీ మీద పెట్టి జైనూర్‌కు కాల్ కలిపాడు. ఉతికిన తెల్లచీర కట్టుకుని మగ్దలేనమ్మ కనబడింది. నోరు కదులుతోంది, మాట మాత్రం రావడం లేదు.

"గీ వైర్ల బొమ్మ ఒక్కటే వస్తది. సౌండుకు వేరే వైరు కావాలె. గోపాల్ దుకాణంల ఉంటది, ఇప్పుడే తెస్త" అంటూ జోయల్ బండెక్కాడు. ప్రిస్కిల్లా తల్లికి చెయ్యి ఊపి, పొయ్యి మీది కూర చూడటానికి లోపలికి పరుగెత్తింది.

హాల్లో ముసలివాళ్ళిద్దరే మిగిలారు.

"నువ్వు నిజంగనే పిలుస్తవా?" అని మహిమమ్మ అడిగింది.

"పిలుస్త. ఒక్కసారి పిలిచి ఊకుంట. రాకుంటె పీడ పోతది. రేపు సంఘపోల్లు ఇంటికొస్తె ఎవలని చెప్పాలె? హాస్టల్ల గంటె తిప్పిన ఆమె, గా అడివి మాటలు, గా చీరకట్టు. నా మర్యాద ఏంగావాలె?"

"జర మెల్లగ మాట్లాడు, ఇనవడ్తది."

"నీకు పిచ్చా? ఆమె మాట మనకు ఇనవడ్తలేదు, మన మాట ఆమెకెట్ల ఇనవడ్తది?"

టీవీలో మగ్దలేనమ్మ నోరు ఆగింది. కొంగు సర్దుకుని తల దించుకుంది. "అగో, కునుకుతుంది" అని అహరోను నవ్వాడు.

జోయల్ వచ్చాడు, ప్రిస్కిల్లా కూడా వంటింట్లోంచి వచ్చింది. వైరు పెట్టగానే మగ్దలేనమ్మ గొంతు వినిపించింది.

"అన్నా, నమస్తె. ఇప్పుడే మీ మాట ఇనవడ్తుంది. వదినె మంచిగున్నదా?"

"మంచిగున్నది చెల్లె. నువ్వు మా ఇంటికొచ్చి ఉండు" అన్నాడు అహరోను, సంతకం పెట్టినట్టు.

"వద్దన్నా. నాకు గీడనే మంచిగున్నది. ప్రిస్కిల్లను మంచిగ చూస్తున్నరు, గది చాలు." ఆమే కాల్ కట్ చేసింది.

ప్రిస్కిల్లా దిగులుగా టీవీ ఆపింది. వైరు చుడుతూ జోయల్ అన్నాడు: "అత్తమ్మ ఇప్పుడే ఇనవడ్తుంది అన్నదేంది? కెమెరలనే మైకున్నది. మనకే ఆమె మాట రాలే. ఆమెకు మొదటి నుంచి మన మాట పోయింది."

అహరోను నెత్తిన ఎవరో చల్లటి నీళ్ళు కుమ్మరించినట్టయింది. మహిమమ్మ అతని వంకే చూసింది. ఆ చూపును ప్రిస్కిల్లా పట్టుకుంది.

"అత్తా, మా అవ్వ ముంగట ఏం మాట్లాడిన్రు?"

చెప్పాల్సింది తనేనని అహరోనుకు తెలిసింది. నేల చూస్తూ, ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాడు. అన్నప్పుడు తేలిగ్గా ఉన్న మాటలు, ఇప్పుడు కోడలి ముందు ఒక్కొక్కటీ బరువయ్యాయి.

"గా గంటె తిప్పిన చేతులే నన్ను సదివిచ్చినయ్ మామా" అంది ప్రిస్కిల్లా. "నా కోడలు నర్సని సంఘంల గొప్పగ చెప్పుకుంటరు. నన్ను నర్సును చేసిన ఆమెను చూపెట్టుకోనీకి మీకు సిగ్గయితదా?"

అహరోను ఆ రోజు చర్చికి పోలేదు. ఏ మొహంతో ముందు వరసలో కూర్చోవాలి?

మర్నాడు మొదటి బస్సుకే ఒక్కడూ బయలుదేరాడు. జైనూర్‌లో మగ్దలేనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వియ్యంకుణ్ణి చూసి చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది.

"లేవకు చెల్లె. నిన్న నేనన్న మాటలకు వచ్చిన."

"ఏం మాటలన్నా? నాకు ఏం ఇనవడలే."

"ఇనవడ్డది."

"లేదన్నా, సౌండ్ రాలే."

"ఇనవడ్డదని ఒక్కసారి అను తల్లీ" అని అహరోను ఆమె ఎదురుగా మట్టిలోనే కూర్చున్నాడు. "నువ్వు ఇనలేదంటె, నేను దేనికని మాఫీ అడగాలె?"

ఆమె కొంగు కొస మెలిపెట్టింది. తర్వాత ఏడుపు బయటపడింది.

"ఇనవడ్డది అన్నా. అంత ఇనవడ్డది. రాత్రి అన్నం పోలే."

అహరోను చేతులు జోడించాడు. కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు. "తప్పయింది. నువ్వు ఇంటుండంగ నిన్ను తక్కువ జేసి మాట్లాడిన. ఆదివారం సంఘంల నువ్వు నా పక్కపొంటి కూసోవాలె. గీమె మా వియ్యపురాలు, నా కోడలిని సదివిచ్చిన తల్లి అని నేనే చెప్త."

మగ్దలేనమ్మ ముక్కు తుడుచుకుంది.

"ఒక్క నెల ఉండనీకి వస్త. గని అన్నా, మల్ల నా మీద ఏమన్న అనాలనిపిస్తె నా మొఖం మీదనే అను. నేను గూడ రెండు అంట."

"అను చెల్లె. నాలుగు అను."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. చెరిగిన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. మెతుకు కింద పడకుండా అహరోను ఆ అన్నం తిన్నాడు. తర్వాత ఆమె బట్టల సంచి తన భుజాన వేసుకుని, ఆమె నడకకు తగ్గట్టు మెల్లగా, బస్టాండు దాకా నడిచాడు.

అంతేనండీ. ఎదుటి మనిషికి వినబడదనుకుని మనం ఎన్ని మాటలు అనేశామో కదా! మీ వియ్యాలవారికో, మీ ఇంటి గ్రూపులోనో ఈ కథ ఒకసారి పంపండి. ఎవరికైనా ఒక ఫోన్ చెయ్యాలనిపిస్తే, ముందు ఆ ఫోన్ చేసి తర్వాతే పంపండి.