లెక్కలో మూడో మనిషి

ఒమన్‌లో సోహార్ దగ్గర మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఖర్జూరపు తోట ఉండేది. చెట్లకు నీళ్ళు పెట్టడం నా మొగుడు చెన్నయ్య పని. యజమాని ఇంట్లో వంట నా పని. తోట చివర రేకుల రూమ్ మాకిచ్చాడు. మేకల కోసం కట్టింది. దానికే చెన్నయ్య అతనికి రోజూ దండాలు పెట్టేవాడు.

తొంభై మూడు చలికాలం. జనాభా లెక్కలకు ఇంటింటికీ వస్తున్నారని చెప్పుకున్నారు. లెక్కలట. మా తలకాయలు లెక్కపెట్టి ఏం ఉద్ధరిస్తారు? పోలీసులే ఆ పేరుతో వస్తారనుకున్నాను. నా కూతురు కవిత వేరే ఇంట్లో పనికి కుదిరి, దెబ్బలు తాళలేక మా దగ్గరికి పారిపోయి వచ్చింది. దొరికితే మళ్ళీ ఆ ఇంటికే పంపుతారు.

మగ్రిబ్ అజాన్ అయింది. చీకటి పడుతుండగా గేటు దగ్గర జీపు ఆగింది. కవితను నీళ్ళ ఇంజనుండే పంపు రూమ్‌లోకి తోసి, బయట గొళ్ళెం పెట్టాను. దానికి కిటికీ లేదు. డీజిల్ వాసన, తడి మట్టి వాసన.

"దగ్గకు," అన్నాను.

ఇద్దరు వచ్చారు. లెక్క రాసుకునే ఒమానీ బడిపంతులొకడు, అతని మాట మాకు చెప్పడానికి హైదరాబాద్ జావెద్. బూట్లకు బురద అంటుతుందని ఎగిరెగిరి నడిచారు. నా మొగుడు అప్పటికే సగానికి వంగిపోయాడు.

"ఎందరుంటరమ్మా?" అన్నాడు జావెద్.

"కనబడ్తలేమా? ఇద్దరం."

"బతాకా కార్డులు, వీసాలు ఏం అడగం. తలకాయలు చెప్తే చాలు."

"పోలీసోళ్ళు గూడ గట్లనే అంటరు."

జావెద్ నవ్వాడు. టార్చి తిప్పుతూ పంపు రూమ్ దాకా వెళ్ళి తలుపు తట్టాడు.

లోపల దగ్గు...

ఎండిపోయిన, ముసలి దగ్గు.

"ఒక్కదాన్నే బిడ్డా... ఇంకెవ్వలు లేరు."

కవిత గొంతు మార్చిందనుకున్నాను. తండ్రికి లేని తెలివి.

"ముసలామె ఎవరు?"

"మా అవ్వ," అన్నాడు చెన్నయ్య.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పనికొచ్చే అబద్ధం ఆడాడు.

"గొళ్ళెం పెట్టిండ్రేంది?"

"మతి లేదు. ఇడిస్తే తోటల పడి తిరుగుతది," అన్నాను.

జావెద్ పంతులుకు అరబ్బీలో చెప్పాడు. మాకేసి మూడు వేళ్ళు చూపాడు. "ముగ్గురు." వెళ్ళిపోయారు.

జీపు వెలుగు పోయాక నేను నవ్వాను. "జూసినవా నా బిడ్డను?"

చెన్నయ్య నవ్వలేదు. "అది కవిత కాదే," అన్నాడు గుసగుసగా.

"నీ మొఖం. కన్నబిడ్డ గొంతు గూడ ఎరుక లేదు నీకు."

గొళ్ళెం తీశాను.

కవిత ఇంజను పక్కన గోడకు ఆనుకుని ఉంది. దగ్గు బయటికి రాకుండా చున్నీ నోట్లో కుక్కుకుంది. కొస పట్టుకుని లాగాను. జానెడు... మూరెడు... ఇంకా వస్తూనే ఉంది. అంతా తడి. అంత గుడ్డ గొంతులో పెట్టుకుని ఎవరు మాట్లాడగలరు?

"నువ్వు మాట్లాడలేదా?"

తల అడ్డంగా ఊపింది.

"మరెవరే?"

లేచి బయటికి వచ్చింది. నేను తలుపు వేయబోయాను. వేయనివ్వలేదు. వెనకాల మెల్లగా నడిచి వచ్చే మనిషి కోసం పట్టుకున్నట్టు, తలుపు పట్టుకుని నిలబడింది.

చెన్నయ్య పక్కకు జరిగి దారిచ్చాడు. పిరికి గొడ్డు.

తర్వాత నేనూ జరిగాను.