ఇంకా మూడు కాగితాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నా లాప్‌టాప్‌లో పన్నెండు పేజీల అఫిడవిట్టు సిద్ధంగా ఉంది. ఐదింటికల్లా లాయరుగారి గుమాస్తా బండి మీద వచ్చి, సంతకాలు పెట్టిన కాగితాలు పట్టుకెళ్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే కోర్టులో వాయిదా. కాగితాలు లేకపోతే పిచ్చుకని వాళ్ళ నాన్నకి అప్పగించేస్తారని లాయరుగారు నాన్చకుండా చెప్పేశారు.

పిచ్చుక మా అక్క కూతురు. ఆరేళ్ళది. అక్క పోయి ఎనిమిది నెలలైంది. పిల్ల పుడితే తొంగి చూడని మా బావ, ఇప్పుడు తండ్రినంటూ ఎక్కణ్ణించో ఊడిపడ్డాడు. ఆ మనిషి తలపుకొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. దాన్ని తీసుకుపోతే నేను బతకలేను, అంతే. అది తప్ప నాకెవరున్నారు?

బయట ముసురు పట్టింది. జిరాక్సు షాపులన్నీ మూసేశారు. ఇద్దరికి ఫోన్ చేస్తే ఒకడు ఎత్తలేదు, ఇంకొకడు రేపు రండి మేడమ్ అన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్రింటరు, వెనక గదిలో, అక్కది. ఏనాటిదో. యూఎస్‌బీ వైరుతో అక్క కంప్యూటరుకి తగిలించి ఉంటుంది. వీధిలో వాళ్ళకి దరఖాస్తులూ బయోడేటాలూ అక్క అక్కడే కూర్చుని కొట్టిచ్చేది. ఆ కుర్చీలోనే గుండె ఆగిపోయింది. అప్పట్నించీ గదికి తాళం వేసే ఉంచాను.

నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం నాకు లేదు. అందుకే ఈ తెలివి చూపించాను. కంప్యూటరు ఆన్ చేసి, ప్రింటరుని ఇంటి నెట్‌వర్కులో షేర్ చేస్తే, ముందు గదిలోంచే ప్రింట్ ఇవ్వచ్చు. అయ్యాక ఒక్క పరుగులో వెళ్ళి తెచ్చుకోవచ్చు.

తాళం తీశాను. దుమ్ము వాసన, సిరా వాసన, వాటి కింద అక్క తలనూనె వాసన. నిలబడే వంగి కంప్యూటరు ఆన్ చేశాను. షేర్ అన్నచోట టిక్కు పెట్టాను. ట్రేలో తెల్ల కాగితాల కట్ట పెట్టి, తలుపు లాగి మళ్ళీ తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. పిచ్చుక ముందు గదిలో సోఫా మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఇక మొదలయ్యాయి నా పాట్లు. లాప్‌టాప్‌కి ప్రింటరు కనబడదు. కనబడితే ఆఫ్‌లైన్ అంటుంది. ఆ కంప్యూటరు పాస్‌వర్డు అడుగుతుంది, కొడితే తప్పంటుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. లాప్‌టాప్‌నీ, నన్నూ, బావనీ కలిపి తిట్టుకున్నాను. నాలుగున్నరయింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆఖరికి పిల్ల పుట్టినరోజు కొట్టి చూశాను. తీసుకుంది.

ప్రింట్ నొక్కాను. గోడ అవతల గర్‌ర్‌మని చప్పుడు. ఒకటి. కాసేపాగి, రెండు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెనక గది తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి లెక్కపెట్టుకున్నాను. ఐదు. ఆరు. నాకు కంప్యూటర్లు రావని అక్క ఎప్పుడూ ఏడిపించేది. చూడవే అనుకుని నవ్వుకున్నాను కూడా. ఎనిమిది. తొమ్మిది.

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ప్రింటరు తనంతట తాను కాగితం లాక్కోదు. లోపల రబ్బరు చక్రం ఎప్పుడో అరిగిపోయింది. కొత్తది కొనవే అంటే అక్క వినేది కాదు. చప్పుడు మొదలవగానే లేచి, రెండు వేళ్ళతో ఒక్కో కాగితాన్నీ లోపలికి నెట్టేది. నెట్టకపోతే ఎర్ర దీపం వెలిగి ఆగిపోయేది. ఎన్నేళ్ళు చూశాను... ఎలా మర్చిపోయాను?

తొమ్మిది కాగితాలు వచ్చేశాయి.

నా ఆలోచన దానికి వినబడినట్టే లోపల చప్పుడు ఆగిపోయింది. ముసురు తప్ప ఇంకేం వినబడటం లేదు. తలుపు సందులోంచి నూనె వాసన ఎక్కువైంది. పారిపోవాలి. పిల్లని ఎత్తుకుని వీధిలోకి పారిపోవాలి... కానీ ఎక్కడికి? ఐదింటికి కాగితాలు లేకపోతే రేపు పిల్లే ఉండదు.

నుదురు తలుపుకి ఆనించాను. నా గొంతు నాకే వినబడలేదు.

“అక్కా... ఇంకా మూడు కాగితాలే.”

చప్పుడు లేదు.

“పిల్లని తీసుకుపోతారే... నీకు దణ్ణం పెడతాను.”

లోపల కుర్చీ కిర్రుమంది. గర్‌ర్... పది. గర్‌ర్... పదకొండు. ఏడుస్తూనే లెక్కపెట్టాను. పన్నెండు.

అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ గర్‌ర్‌మంది.

నేనిచ్చింది పన్నెండే.

అది కూడా బయటికొచ్చి అంతా నిశ్శబ్దమయ్యాక తాళం తీశాను. గదిలో ఎవరూ లేరు. కాగితాలు అంచులు కలిపి బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. పన్నెండూ నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి. పదమూడో దాని మీద ఒకటే వాక్యం. “బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది.” దాని కింద నల్ల సిరాతో వేలిముద్ర, ఇంకా తడిగా. మరీ చిన్న వేలు.

ముందు గదిలోకి ఎలా వచ్చిపడ్డానో తెలీదు. పిచ్చుక సోఫా మీదే ఉంది, నిద్రలోనే. కుడి బొటనవేలు నల్లగా ఉంది.

వీధిలో బండి హారను మోగింది. పన్నెండు పేజీల మీద సంతకాలు గిలికి గుమాస్తా చేతిలో పెట్టాను. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. తలూపి తలుపేశాను.

పిల్లని చంకనేసుకుని బాత్రూంలోకి పరిగెత్తాను. సబ్బుతో రుద్దాను. పీచుతో రుద్దాను. రావటం లేదు. వేలు ఎర్రగా కందిపోయింది గానీ నలుపు వదల్లేదు. నా ఏడుపుకి పిచ్చుక కళ్ళు తెరిచింది. అంతసేపూ గది తాళం వేసే ఉందనీ, తాళంచెవి నా బొడ్లోనే ఉందనీ నాకు తెలుసు. అయినా అడిగాను, లోపలికి ఎలా వెళ్ళావే అని.

అది ఆవులించి, ఎడమ చెయ్యి చాపి చూపించింది.

“అమ్మ రేపు ఈ చెయ్యి తెమ్మంది పిన్నీ.”